సామీ ఇళ్లలో పెదనాన్నలూ పిన్నులూ

నార్వే, స్వీడన్, ఫిన్‌లాండ్ దేశాల ఉత్తరపు కొసన, రష్యాలో కోలా ద్వీపకల్పంలో ఉండే సామీల భాష గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. వ్యాకరణం గురించి అడుగుతారనుకుంటే, వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చుట్టరికాల మీదే ఉన్నాయి. నాకూ అదే ఇష్టం కాబట్టి ఈసారి పేజీ అంతా వాటికే. ఒక్కమాట ముందే చెప్పాలి. సామీ అనేది ఒకే భాష కాదు, ఒక భాషల కుటుంబం. ఇక్కడ నేను చెప్పే మాటలు ఎక్కువమంది మాట్లాడే ఉత్తర సామీవి. వాటిని తెలుగు లిపిలో వీలైనంత దగ్గరగా రాశాను. నోటితో అన్నప్పుడు కాస్త తేడా ఉంటుంది.

ప్రశ్న: ఒక సామీ కథను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. అందులో ముగ్గురు మగవాళ్లు, ముగ్గురూ 'అంకుల్'లే. అసలు కథలో మూడు వేర్వేరు మాటలున్నాయట. ఎవరు ఎవరో ఎలా తేల్చుకోను? – ఒక అనువాదకురాలు

మీరు అదృష్టవంతులు. ఇంగ్లీషువాళ్లు పోగొట్టింది మీరు తెలుగులో ఖర్చు లేకుండా వెనక్కి తెచ్చుకోవచ్చు. 'ఎయహ్కి' అంటే నాన్నకు అన్న, మన పెదనాన్న. 'చెయహ్త్సి' అంటే నాన్నకు తమ్ముడు, బాబాయి. 'ఎయను' అంటే అమ్మకు సోదరుడు, మేనమామ. ఆడవాళ్లలోనూ ఇంతే. 'గొవస్కి' అమ్మకు అక్క, అంటే పెద్దమ్మ. 'మువొత్థా' అమ్మకు చెల్లెలు, పిన్ని. 'సియెస్సా' నాన్న తోబుట్టువు, మేనత్త.

ఇంకొంచెం దగ్గరగా చూడండి. నాన్న సోదరుల్లో పెద్ద, చిన్న తేడా ఉంది. అమ్మ అక్కచెల్లెళ్లలోనూ ఉంది. మేనమామకూ మేనత్తకూ మాత్రం ఆ తేడా లేదు, అమ్మకు అన్న అయినా తమ్ముడైనా ఎయనే. మన దగ్గరా మాటల్లో తేడా సరిగ్గా ఈ నాలుగు చోట్లే వస్తుంది, ఈ రెండు చోట్ల రాదు. చాలా యూరప్ భాషల్లో ఇలా ఉండదు. పక్కనే ఉన్న స్వీడిష్‌లో తండ్రి వైపు, తల్లి వైపు అని వేర్వేరు మాటలున్నాయి కానీ వయసు లెక్కలోకి రాదు. నార్వేజియన్ వాడుకలో 'ఓంకెల్', 'టాంటె' అనే రెండు మాటలతో పని జరిగిపోతుంది. ఫిన్నిష్‌లో 'సెతా' తండ్రి సోదరుడు, 'ఎనో' తల్లి సోదరుడు, అత్తలూ పిన్నులూ అందరూ కలిపి 'తాతి'. ఈ సెతా, ఎనో అన్నవి సామీ చెయహ్త్సి, ఎయనులకు వరసగా ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు. వేరు ఒకటే అయినా సెతా పెద్దా చిన్నా అందరికీ సరిపోతే, చెయహ్త్సి చిన్నవాడి దగ్గరే ఆగింది.

ఒక జాగ్రత్త. వయసు అంటే ఆ మనిషికి ఎన్నేళ్లని కాదు, మీ నాన్నకంటే పెద్దా చిన్నా అని. తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు అనువాదం మీద ఆధారపడితే మాత్రం తెల్ల గడ్డం ఉందని ఒకరిని పెదనాన్నను చేసేస్తాం. ఆయన తాతగారి ఆఖరి కొడుకైతే బాబాయే. కథలో ఎవరు ఎవరికంటే ముందు పుట్టారో ఆధారం దొరకకపోతే, సామీ మూలంలో ఆ ఒక్క మాట చూసిపెట్టమని ప్రచురణకర్తను అడగండి. అది ఐదు నిమిషాల పని.

ప్రశ్న: అయితే సామీలో అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అని కూడా విడివిడిగా ఉంటాయా?

ఉండవు. అదే విచిత్రం. సోదరుడు 'వియెల్యా', సోదరి 'ఒవబ్బా', అంతే. పెద్దవాళ్లయినా చిన్నవాళ్లయినా అదే మాట. నాన్న అన్నదమ్ముల దగ్గర అంత పట్టింపు ఉన్న భాష, సొంత అన్నదమ్ముల దగ్గర ఏ పట్టింపూ లేకుండా ఊరుకుంటుంది. అవసరమైతే 'పెద్ద' అనే విశేషణం ముందు తగిలిస్తారు.

అనువాదకులకు ఇక్కడ కష్టం ఎదురు తిరుగుతుంది. సామీలో ఒక్క మాటగా ఉన్నదాన్ని తెలుగులో రెండుగా చీల్చక తప్పదు. 'సోదరుడు' అని రాసి తప్పించుకుంటే ఇంట్లో పిల్లలు శాసనసభలో మాట్లాడుతున్నట్టుంటుంది.

ప్రశ్న: మేనకోడలు, మేనల్లుడు, మనవడు, మనవరాలు – వీటికి సామీలో ఏమంటారు?

ఈ ప్రశ్న అడిగినవారికి ధన్యవాదాలు. నా దృష్టిలో సామీ చుట్టరికాల్లో అసలు అందం ఇక్కడే ఉంది, బాబాయి, పిన్ని పోలికలో కాదు.

మనం మనవడు, మనవరాలు అంటాం. పిల్ల ఆడా మగా అన్నది మాటలోనే ఉంటుంది. చెప్పేది తాతా, బామ్మా అన్నది ఉండదు. సామీలో ఇది తలకిందులు. 'ఆహ్కు' అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ, ఆవిడకు మనవసంతానం 'ఆహ్కుత్'. 'ఆజ్జా' అంటే తాత, ఆయనకు మనవసంతానం 'ఆజ్జుత్'. పిల్ల ఆడా మగా అన్నది మాట చెప్పదు. పెద్దవాళ్లలో ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నదే చెబుతుంది.

నార్వేలో గువొవ్దగెయ్ద్ను అనే ఊళ్లో, నార్వేవాళ్లు కౌతొకెయినొ అంటారు, అక్కడి సామీ కళాశాలలో ప్రారంభ తరగతులకని వెళ్లి ఒక శీతాకాలం ఒక ఇంట్లో అద్దెకున్నాను. ఆ ఇంటికి స్కూలు అయ్యాక మనవడు వచ్చేవాడు. బూట్ల మంచు వాకిట్లో దులపకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చి, ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం ముక్క తీసుకుని బల్ల దగ్గర కూర్చునేవాడు. కాఫీ మరిగిస్తూ ఆ ఇంటి పెద్దావిడ నాతో "నా ఆహ్కుత్" అని పరిచయం చేసింది. కాసేపటికి లోపలికొచ్చిన ఆవిడ భర్త అదే పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి "నా ఆజ్జుత్" అన్నాడు. నేను తికమకపడుతుంటే పిల్లవాడికి మహా సరదాగా ఉంది. ఒకే బల్ల దగ్గర, ఒకే పిల్లవాడు, ఎవరు మాట్లాడితే వాళ్లను బట్టి పేరు మారిపోతోంది.

ఇదే సూత్రం మేనత్తకూ పిన్నికీ వర్తిస్తుంది. సియెస్సా అంటే మేనత్త కదా, ఆవిడకు తమ్ముడి పిల్లో అన్న పిల్లో 'సియెస్సల్'. మువొత్థా అంటే పిన్ని, ఆవిడకు అక్క పిల్లలు 'మువొత్థల్'. మాటలో పెద్దవాళ్ల మాటే ఉంటుంది, చివర్లో చిన్న మార్పు. నువ్వు నాకు మేనత్తవైతే నేను నీ మేనత్తతనానికి రెండో కొస అన్నమాట. మేనమామ దగ్గర మాత్రం మాట వేరే, అతని అక్కచెల్లెళ్ల పిల్లలు 'నెయహ్పి'. అందులోనూ మేనల్లుడా మేనకోడలా అన్నది తెలియదు. పైగా సామీలో 'అతను', 'ఆమె' రెంటికీ ఒకే సర్వనామం, 'సొన్'. కాబట్టి ఒక మేనమామ తన నెయహ్పి గురించి రెండు పేజీలు మాట్లాడినా, పేరు చెప్పేదాకా అది అబ్బాయో అమ్మాయో మనకు అంతుపట్టకపోవచ్చు. అనువాదకురాలు గారూ, ఇది మీ కథలోనూ ఎక్కడో ఉండే ఉంటుంది, చూసుకోండి.

ప్రశ్న: పెదనాన్న, బాబాయి, మేనమామ అన్నీ మనలాగే ఉన్నాయంటున్నారు. అంటే సామీల్లో కూడా మేనమామ కూతురు మరదలేనా? మేనరికాలు ఉన్నాయా?

లేదు. ఇక్కడే దారులు విడిపోతాయి. మన మాటల్లో పెదనాన్న పిల్లలు అన్నాచెల్లెళ్లు, మేనమామ పిల్లలు బావామరదళ్లు. ఆ ఒక్క గీత మీదే మన పెళ్లి లెక్కలన్నీ నడుస్తాయి. సామీలో ఆ గీత లేదు. పెదనాన్న కొడుకైనా మేనమామ కొడుకైనా 'విల్‌బెయల్లి'. కూతురైతే 'ఒవంబెయల్లి'. 'బెయల్లి' అంటే సగం. అంటే అందరూ సగం సోదరులూ సగం సోదరీమణులే. పై తరంలో అంత సూక్ష్మంగా విడదీసి, మన తరంలో అందరినీ ఒకే గంపకు ఎత్తేస్తారు.

ఈ మాటల వెనక బతుకుతెరువు ఎలా ఉందో అడిగితే రాబర్ట్ పెహ్ర్సన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త పని గుర్తుచేస్తాను. స్వీడన్ ఉత్తరాన కోన్‌కామా అనే ప్రాంతంలో రెయిన్‌డీర్ కాపర్ల మధ్య ఉండి ఆయన చేసిన అధ్యయనం 1957లో అచ్చయింది. అప్పటికే ఆయన లేరు, బలూచీల మధ్య ఇంకో పరిశోధన చేస్తూ 1955లో చనిపోయారు. కోన్‌కామాలో ఆయన చూసింది తండ్రి వంశం వైపే మొగ్గని చుట్టరికం. ఇద్దరి వైపులా సమానంగా అల్లుకుపోతుంది. మందను కలిసి కాసే కొన్ని కుటుంబాల బృందాన్ని 'సియిదా' అంటారు. పెళ్లయ్యాక జంట మొగుడి వాళ్ల సియిదాలో ఉండాలని రూలు లేదు. మేత ఎక్కడుంది, మనుషులు ఎక్కడ తక్కువ, ఎవరి తోబుట్టువులతో పొసుగుతుంది అన్నది చూసుకుని ఎటైనా వెళ్లొచ్చు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వాళ్ల జంటలూ కలిసి ఒక సియిదాగా ఏర్పడటం మామూలు. అలాంటి చోట మేనమామ కొడుకు, బాబాయి కొడుకు అని గీత గీస్తే లాభమేముంది? ఇద్దరూ మందలో పనికొచ్చే చేతులే. ఇది నా ఊహ, పెహ్ర్సన్ నెత్తిన రుద్దకండి.

చుట్టరికం రెయిన్‌డీర్ చెవి మీద కూడా కనిపిస్తుంది. యజమానిని గుర్తుపట్టేందుకు దూడల చెవుల్లో కత్తితో గాట్లు పెడతారు. పిల్లలకు కూడా సొంత గుర్తు ఉంటుంది. ఒక కుటుంబంలో గుర్తులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, తండ్రి గుర్తుకు ఒక గాటు ఎక్కువో తక్కువో. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ నాకు కరెంటు బిల్లు కవరు వెనక రెండు చెవులు గీసి చూపించింది. కుడి చెవికి కొసన ఒక కోత, పక్కన ఒక గాటు, అది తనది. అదే చెవికి ఇంకో గాటు చేర్చి "ఇది చెల్లెలిది" అంది. అలవాటైన వాళ్లకు పరిగెత్తే దూడను చూసి ఏ ఇంటిదో తెలిసిపోతుందట. నాకు ఆ రెండు బొమ్మలకే తేడా కనిపెట్టడానికి కళ్లజోడు కావాల్సొచ్చింది.

సామీలందరూ రెయిన్‌డీర్ కాపర్లేమీ కాదు. వాళ్లలో ఆ పని చేసేది కొద్దిమందే. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్లు, ఊళ్లలో వ్యవసాయం చేసేవాళ్లు, ఇప్పుడు ఓస్లోలో ఆఫీసులకు వెళ్లేవాళ్లు ఎక్కువ. బాబాయిలూ పిన్నులూ అందరికీ ఉంటారు.

ప్రశ్న: సామీలో 'ఆహ్కా' అనే మాట ఉందని చదివాను. మన 'అక్క' కదా! తాతను 'ఆజ్జా' అంటారని మీరే రాశారు, కన్నడంలో 'అజ్జ' ఉంది. ద్రావిడ భాషలకూ వాళ్లకూ చుట్టరికం ఉన్నట్టేనా?

ఈ సంచికలో ఇలాంటివి నాలుగైదు వచ్చాయి, అందరికీ కలిపి చెబుతున్నాను. ఈ ఆలోచన కొత్తది కాదు. రాబర్ట్ కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసినప్పుడే సామీ కూడా చేరే ఫిన్నిష్ కుటుంబంతో పోలికలు చూపించాడు. తర్వాత థామస్ బరో లాంటి పెద్ద పండితుడు కూడా 1940లలో ఆ దారి పట్టాడు. ఇవాళ భాషాశాస్త్రజ్ఞుల్లో అత్యధికులు దాన్ని ఒప్పుకోవడం లేదు.

చుట్టరికపు మాటలు ఈ పనికి అస్సలు పనికిరావు. అమ్మ, అప్ప, అక్క, తాత లాంటివి పసిపిల్లల నోట ముందుగా పలికే శబ్దాల నుంచి వస్తాయి. మ, ప, త, క, ఆ. ప్రపంచంలో ఏ మూలకెళ్లినా ఇవి దొరుకుతాయి, ఏ సంబంధమూ లేని భాషల్లోనూ కలుస్తాయి. అర్థం కూడా చూడండి. ఆహ్కా అంటే ముసలావిడ, భార్య. మన అక్కను అలా పిలిస్తే ఊరుకుంటుందా? బంధుత్వం తేల్చాలంటే ఒకే శబ్దం ఒకే రకంగా మారిన మాటలు వరసలు వరసలుగా కావాలి. సామీ, ఫిన్నిష్‌ల మధ్య అవి ఉన్నాయి. అల్లుడు సామీలో 'వివ్వా', ఫిన్నిష్‌లో 'వావ్యు'. కోడలు 'మన్యి', అక్కడ 'మినియా'. మామగారు 'వువొహ్పా', అక్కడ 'అప్పి'. చెవికి ఏమంత దగ్గరగా లేవు కదా, అయినా అవే నిజమైన చుట్టాలు.

ప్రశ్న: రక్తసంబంధం లేని చుట్టరికాలు ఉన్నాయా?

బోలెడు. నాకు ముచ్చటేసేది 'గాయ్‌బ్మి'. మీ పేరే ఉన్న మనిషి మీకు గాయ్‌బ్మి. అది కాకతాళీయం కాదు, ఒక సంబంధం. పిల్లలకు పెద్దవాళ్ల పేరు పెట్టినప్పుడు ఆ ఇద్దరి మధ్యా ఒక ముడి పడుతుంది. క్రైస్తవం వచ్చాక జ్ఞానస్నానం నాటి 'రిస్తాహ్చ్చి', 'రిస్తెయద్ని', అంటే శిలువ తండ్రి, శిలువ తల్లి, కూడా చేరారు. గువొవ్దగెయ్ద్ను వైపు ఒక్కో బిడ్డకు ఇలాంటివాళ్లు చాలామంది ఉండటం మామూలే.

ఇంకొకటి 'వెర్ద్దె'. వలస తిరిగే కాపరి కుటుంబానికీ, దారిలో స్థిరంగా ఉండే కుటుంబానికీ మధ్య తరతరాల స్నేహం. వీళ్లు మాంసం, తోలు ఇస్తే వాళ్లు బస, చేపలు, పాలు. చుట్టాలు కాకపోయినా చుట్టాలకంటే ఎక్కువగా లెక్క ఉంచుకునేవాళ్లు.

ప్రశ్న: సామీ కవి నిల్స్-అస్లాక్ వల్కెయాపా పుస్తకం పేరు 'బెయైవి, ఆహ్చాజన్'. అందులో తండ్రి అనే మాట ఉందా?

ఉంది. 'ఆహ్చ్చి' అంటే తండ్రి. దానికి ముద్దు ప్రత్యయం, ఆ పైన 'నా' అనే ప్రత్యయం చేరితే 'ఆహ్చాజన్'. మొత్తం పేరు 'సూర్యుడా, నా తండ్రీ' అనే అర్థంలో. 1991లో నార్డిక్ కౌన్సిల్ సాహిత్య బహుమతి వచ్చిన పుస్తకం ఇదే. ఇలా మాట చివర 'నా', 'నీ' అతికించే పద్ధతి రోజువారీ మాటల్లో తగ్గిపోతోంది. ఇల్లు, పడవ, కుక్క అన్నప్పుడు విడిగా 'నా' అని ముందు పెడుతున్నారు. అమ్మ, నాన్న, తోబుట్టువుల దగ్గర మాత్రం ఆ పాత ప్రత్యయం ఇంకా గట్టిగా ఉంది.

ప్రశ్న: ఇప్పటి పిల్లలు ఈ మాటలన్నీ వాడుతున్నారా?

ఇంటిని బట్టి. సామీ నడిచే ఇళ్లలో వాడుతున్నారు. భాష పోయిన ఇళ్లలో మొదట పోయేవి ఈ పెదనాన్న, బాబాయి తేడాలే, ఎందుకంటే నార్వేజియన్‌లో వాటికి చోటు లేదు. ఆహ్కు, ఆజ్జా మాత్రం చివరిదాకా మిగులుతాయి. మిగతా సంభాషణ అంతా నార్వేజియన్‌లో జరిగే ఇంట్లో కూడా నానమ్మను ఆహ్కు అనడం నేను విన్నాను.

భాష పోవడం దానంతటది జరగలేదు. 19వ శతాబ్దం మధ్య నుంచి ఇంచుమించు వందేళ్లకు పైగా నార్వే ప్రభుత్వం సామీలను నార్వేజియన్లుగా మార్చే విధానం నడిపింది. పిల్లలను దూరపు హాస్టల్ స్కూళ్లలో ఉంచి ఇంటి భాషకు దూరం చేశారు. దీని మీద పార్లమెంటు వేసిన సత్య, సయోధ్య సంఘం 2023 జూన్‌లో నివేదిక ఇచ్చింది.

దీనికీ చుట్టరికాలకూ సంబంధం ఉంది. 1989లో నార్వేలో సామీ పార్లమెంటు, అంటే సామీలు ఎన్నుకునే ప్రతినిధుల సభ, మొదలైనప్పుడు ఓటరు ఎవరన్న ప్రశ్న వచ్చింది. తనను తాను సామీగా భావించాలి. దాంతోపాటు తనకో, తల్లిదండ్రుల్లో ఒకరికో, తాతా బామ్మల్లో ఒకరికో, తర్వాత మార్చిన నిబంధన ప్రకారం ముత్తాతా ముత్తవ్వల్లో ఒకరికో ఇంట్లో మాట్లాడిన భాష సామీ అయి ఉండాలి. లేదా ఓటర్ల జాబితాలో ఉన్నవారి బిడ్డ అయి ఉండాలి. స్వీడన్‌లో తాతల తరం దగ్గర ఆగితే, నార్వేలో ఇంకో మెట్టు పైకెళ్లి 'మాత్తరాహ్కు' దాకా, అంటే ముత్తవ్వ దాకా లెక్కపెడతారు. ఇంట్లో రెండు తరాలు సామీ మాట్లాడకపోయినా ఓటు హక్కు దొరుకుతుందన్నమాట. చట్టాన్ని అలా మార్చినవాళ్లు హాస్టల్ తరాన్ని దృష్టిలో పెట్టుకునే అంత పైకి వెళ్లారని నా అభిప్రాయం.

ప్రశ్న: దక్షిణ సామీలోనూ ఇవే మాటలా?

కొన్ని ఒకటే, కొన్ని వేరు. ఉత్తరాన అమ్మ 'ఎయద్ని', దక్షిణాన 'చిద్చియె'. అవ్వ మాత్రం అక్కడ 'ఆహ్కా', తాత 'ఆయ్యా', గుర్తుపట్టగలం.

ప్రశ్న: పై అనువాదకురాలినే. ఆహ్కు అన్నచోట అమ్మమ్మ అని రాయనా, నాయనమ్మ అనా?

మాట చెప్పదు, కథే చెప్పాలి. ఆవిడ ఎవరి తల్లో ఎక్కడా తేలకపోతే 'అవ్వ' అని రాసేయండి, ఏ వైపూ పుచ్చుకోదు. ఎయహ్కి, చెయహ్త్సి ఉన్న ఇంట్లోనే ఆవిడా ఉంటే నాయనమ్మ అయ్యే అవకాశం ఎక్కువ. అయినా పైన సియిదా సంగతి చెప్పాను కదా, కోడలు తన తల్లిని వెంట తెచ్చుకుని ఉండొచ్చు. ఇంకో రెండు పేజీలు చదివాకే ఖాయం చేసుకోండి.